గోదావరి గడ్డ మీద ఇల్లు: ఏ కిటికీకి ఏ అద్దం

మా కొత్త ఇంట్లో దిగిన మొదటి రాత్రి, వంటగదిలో గిన్నెలు సర్దుతున్న అమ్మ ఉన్నట్టుండి లైటు ఆర్పేసింది. ఏమయిందని అడిగితే, "కాలవ గట్టు మీద పోయేవాళ్ళందరికీ మన పొయ్యి మీద కూర కూడా కనబడుతోందిరా" అంది. పగటిపూట ఆ కిటికీలు నీలంగా తళతళలాడేవి. బయట నిలబడి చూస్తే మన ముఖమే తప్ప లోపలిది ఏదీ కనిపించేది కాదు. ఆ ముచ్చటకే పదకొండు కిటికీలకూ అదే అద్దం పెట్టించాను. చీకటి పడి లోపల లైటు వెలిగేసరికి వ్యవహారం తిరగబడింది. మెరిసే అద్దం ఇంటివాళ్ళ పక్షమేమీ వహించదు. వెలుతురు ఎక్కువగా ఉన్నవైపు వాళ్ళకు వాళ్ళ ముఖం చూపిస్తుంది, చీకట్లో ఉన్నవాళ్ళకు అవతలి గదంతా చూపిస్తుంది.

ఆ పదకొండింటిలో ఆరు అద్దాలు తర్వాత మార్చాను. ఆ మార్పుల్లో తెలిసివచ్చినదే ఇక్కడ చెబుతున్నాను. "ఇంటికి అద్దం కావాలి" అని దుకాణానికి వెళ్ళకండి. అద్దం ఎంచుకోవలసింది కిటికీకి. తూర్పు గది కిటికీకి పడే ఎండ వేరు, పడమటి గది కిటికీకి పడే ఎండ వేరు. మెట్ల దగ్గర కిటికీ పక్కన పిల్లలు పరిగెడతారు, అటక దగ్గర కిటికీ వైపు ఎవరూ వెళ్ళరు. ఇలా చూసుకుంటూ పోతే, నిజంగా డబ్బు పెట్టవలసిన కిటికీలు మామూలు ఇంట్లో రెండో మూడో తేలతాయి. మిగతావాటికి సాదా అద్దం చాలు.

మొదటి పని: కిటికీలకు అంకెలు వేయండి

ఒక కాగితం మీద ఇంటి నక్షా చేత్తోనే గీసుకుని, కిటికీలకు ఒకటి, రెండు అని అంకెలు వేయండి. ఒక్కొక్క అంకె ఎదుట ఈ సంగతులు రాయండి: అది ఏ దిక్కుకు ఉంది, ఎండ ఏ వేళ పడుతుంది, నేల నుంచి ఎంత ఎత్తులో మొదలవుతుంది, ఎదురుగా ఏముంది (కొబ్బరి చెట్టా, రోడ్డా, చేపల చెరువా, పక్కింటి గోడా), ఆ గదిలో ఏసీ ఉంటుందా, రాత్రి లైటు వేసుకుని ఎవరైనా కూర్చుంటారా. గోడలు లేచాక, కిటికీలు పెట్టకముందు ఒకరోజు ఉదయం తొమ్మిదింటికి, మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకు ఆ ఖాళీల దగ్గర నిలబడి చూస్తే ఈ రాతంతా అరగంట పని. ఇంజనీరు ఇచ్చిన ప్లానులో కొబ్బరి చెట్లు ఉండవు, మీ కాగితంలో ఉండాలి. ఎందుకో గాలి దగ్గర చెబుతాను.

రెండో పని: ఎండ లెక్క

మన డెల్టా 16 నుంచి 17 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. అందువల్ల మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. అంటే మండు వేసవిలో దక్షిణపు కిటికీకి ఎండ బాధ దాదాపు లేదు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి దిగినప్పుడు పడే ఎండను రెండడుగుల సన్‌షేడ్ చాలావరకు ఆపుతుంది. దక్షిణం, ఉత్తరం వైపు కిటికీలకు ఖరీదైన ఎండ అద్దాలు దండగ.

పడమర మాత్రం వేరే కథ. మే నెలలో సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు బాగా కిందికి వచ్చేస్తాడు. అదే రెండడుగుల సన్‌షేడ్ అప్పుడు కిటికీ పైభాగంలో అడుగు మేరకే నీడ ఇస్తుంది. మిగిలిన మూడడుగులూ ఎండే. ఆ వేళ పడమటి గోడ మీద చదరపు మీటరుకు 600 వాట్ల వేడి పడుతోందనుకుందాం. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీ అంటే ఒకటిన్నర చదరపు మీటర్లు. సాదా అద్దం ఎండ వేడిలో దాదాపు 80 శాతాన్ని లోపలికి వదిలేస్తుంది. లెక్క కడితే 700 వాట్లు దాటుతుంది. ఇస్త్రీ పెట్టెను స్విచ్ వేసి గది మధ్యలో వదిలేసినట్టు. రాజమహేంద్రవరంలో 45 డిగ్రీలు దాటే రోజులు కూడా ఉంటాయి. అక్కడ ఏసీ సాయంత్రమంతా ఆ ఇస్త్రీ పెట్టెతోనే పోట్లాడుతుంది.

పడమటి కిటికీకి నేను చెప్పే వరస ఇది: ముందు నీడ, తర్వాత పూత ఉన్న అద్దం, ఆ తర్వాతే రెండు పొరల అద్దం. నీడ అంటే కిటికీకి బయట ఉండేది. వెదురు చాపో, తడికో, వెనకటి వాళ్ళు వేలాడదీసి నీళ్ళు చల్లిన వట్టివేళ్ళ తెరో, పెరట్లో గుబురుగా పెరిగే చెట్టో ఏదైనా సరే. లోపల కట్టిన కర్టెను ఎండను కళ్ళకు ఆపుతుందే గానీ వేడిని అంతగా ఆపలేదు. అద్దం దాటి వచ్చిన వేడి గదిలోకి వచ్చేసినట్టే.

నీడకు వీలు లేకపోతే ఎండ నియంత్రణ పూత ఉన్న అద్దం అడగండి. దుకాణంలో రంగు చూపిస్తారు. మీరు రంగు చూడకుండా రెండు అంకెలు అడగండి. ఒకటి ఎస్‌హెచ్‌జీసీ, అంటే పడిన ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వస్తుందో చెప్పే అంకె. సాదా అద్దానికి అది 0.8 దగ్గర ఉంటుంది, గోధుమ రంగు లేదా బూడిద రంగు అద్దానికి 0.6 దగ్గర, మంచి పూత అద్దానికి 0.25 నుంచి 0.45 మధ్య. రెండోది వీఎల్‌టీ, వెలుతురు ఎంత శాతం వస్తుందో చెప్పేది. సాదా అద్దంలో అది 88 శాతం వరకు ఉంటుంది. మొదటి అంకె తక్కువగా, రెండోది వీలైనంత ఎక్కువగా ఉన్న అద్దం మీకు కావాలి. ముదురు రంగు అద్దం పెట్టుకుని పట్టపగలు ట్యూబులైటు కింద పేపరు చదివే ఇళ్ళు మా వీధిలోనే నాలుగున్నాయి.

రంగు అద్దం గురించి మరో మాట. అది ఎండను తిప్పికొట్టదు, తాగుతుంది. సాయంత్రం దాని మీద అరచెయ్యి ఆనిస్తే తెలిసిపోతుంది. తాగిన వేడిలో కొంత మళ్ళీ గదిలోకే వదులుతుంది. పైగా సన్‌షేడ్ నీడలో పైభాగం చల్లగా, ఎండలో కిందిభాగం కాలుతూ ఉంటే ఆ తేడాకు సాదా రంగు అద్దం అంచు నుంచి దానంతటదే పగలవచ్చు. పడమటికి రంగు అద్దమే కావాలనుకుంటే టఫెన్ చేయించుకోండి, అంటే కాల్చి గట్టిపరిపించుకోండి. దాని మీద కాగితాలు, ఫిల్ములు అంటించకండి.

మూడో పని: గాలి లెక్క

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను తుడిచిపెట్టింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. ఆ రాత్రి గుర్తున్నవాళ్ళు ఇల్లు కట్టేటప్పుడు కిటికీ ఎంత పెద్దదని ముందు అడగరు, రెక్క ఎంత గట్టిదని అడుగుతారు. ఆ తరువాతి తరం మనం. అద్దాల మోజు మనకే ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద పడ్డప్పుడు అద్దాల ముఖంతో కట్టిన భవనాలు ఏమయ్యాయో అందరూ చూశారు.

భవనాల మీద గాలి బలానికి మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో మన తీరానికి లెక్కకు ఆధారంగా తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 1500 న్యూటన్లు వస్తుంది. మన భాషలో చెప్పాలంటే చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. నాలుగడుగుల చదరపు కిటికీ మీద పడే బరువు 225 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తాలు మూడు తెచ్చి అద్దానికి ఆనించి నిలబెట్టినట్టు. అదీ కదలకుండా ఉండదు, ఊగుతూ ఉంటుంది. తుపాను కన్ను మన మీదుగా దాటితే కాసేపు గాలి ఆగిపోయి, తర్వాత ఎదురుదిక్కు నుంచి వస్తుంది. కాబట్టి "సముద్రం మాకు తూర్పున, పడమటి కిటికీకి భయం లేదు" అనుకోవడానికి లేదు.

నిజానికి గాలి ఒత్తిడి ఒక్కటే అయితే తగిన మందం ఉన్న సాదా అద్దం కూడా చాలావరకు ఓర్చుకుంటుంది. అద్దాన్ని పగలగొట్టేది గాలితో వచ్చే సామాను: ఎగిరే రేకు ముక్క, విరిగిన మట్ట, ఎండు కొబ్బరికాయ. అందుకే ఎదురుగా కొబ్బరి చెట్టు ఉందో లేదో మీ కాగితంలో రాయమన్నది. ఒక కిటికీ పగిలితే నష్టం ఆ గదితో ఆగదు. ఇంట్లోకి దూరిన గాలి లోపలి నుంచి కప్పును పైకి తన్నుతుంది. రేకులో పెంకులో ఉన్న ఇళ్ళకు ఇది ప్రాణం మీదికి తెచ్చే విషయం. శ్లాబు ఇంట్లోనూ తలుపులు, ఫాల్స్ సీలింగు దక్కవు.

ఈ లెక్కన మందం విషయంలో నేను పాటించేది చెబుతాను. పలక ఆరు చదరపు అడుగుల లోపు ఉంటే 4 మిల్లీమీటర్లు, పన్నెండు చదరపు అడుగుల దాకా 5, ఆపైన 6. సముద్రపు హోరు వినబడే దూరంలో, అంతర్వేది, ఓడలరేవు వంటి చోట్ల ఇల్లయితే ఒక మెట్టు పైది తీసుకోండి. నాలుగు వైపులా చట్రం ఉన్న కిటికీకే ఈ కొలతలు. గోడంత అద్దం పెట్టాలనుకుంటే మాత్రం ఈ వ్యాసాన్ని పక్కన పెట్టి, గాలి లెక్క కట్టగల ఇంజనీరు దగ్గరికి వెళ్ళండి.

మందం పెరిగితే బరువూ పెరుగుతుంది. మిల్లీమీటరు మందానికి చదరపు మీటరు అద్దం రెండున్నర కిలోలు తూగుతుంది. 5 మిల్లీమీటర్ల నాలుగడుగుల చదరపు పలక దాదాపు పద్దెనిమిదిన్నర కిలోలు. అదే 6 మిల్లీమీటర్లవి రెండు కలిపిన రెండు పొరల అద్దం అయితే 45 కిలోలకు దగ్గర. మీ స్లైడింగ్ కిటికీ చక్రాలు, కీళ్ళు అంత బరువు మోస్తాయో లేదో కిటికీలు చేసేవాళ్ళనే అడగండి.

నాలుగో పని: అద్దం రకం

ఇప్పుడు దుకాణం భాష. కరిగిన గాజును కరిగిన తగరం మీద తేలేలా పోసి చేసేది ఫ్లోట్ అద్దం. మనం సాదా అద్దం అంటున్నది అదే. మిగతా రకాలన్నీ చాలావరకు దాని పిల్లలే. సాదా అద్దం పగిలితే కత్తుల్లాంటి పొడవాటి పెంకులవుతుంది. అదొక్కటే దాని అసలు దోషం. ఎవరూ తగలని చోట, ఎత్తులో, ఊచల వెనక ఉన్న కిటికీకి అది నిక్షేపంగా పనికొస్తుంది.

టఫెన్డ్ అద్దం అంటే సాదా అద్దాన్నే 620 డిగ్రీలకు పైగా కాల్చి, ఒక్కసారిగా చల్లటి గాలి కొట్టి గట్టిపరచినది. నాలుగైదు రెట్లు బలం వస్తుంది. పగిలితే పటికబెల్లం పలుకుల్లా చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది, పెద్ద గాయాలు కావు. కానీ రాలిపోవడమే దాని లోపం కూడా. పగిలిన మరుక్షణం కిటికీలో ఖాళీ తప్ప ఏమీ మిగలదు. లోపల చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ అనే సూక్ష్మమైన మలినం వల్ల ఎప్పుడో అరుదుగా ఎవరూ తాకకుండానే పగిలే గుణం కూడా దీనికి ఉంది.

లామినేటెడ్ అద్దం రెండు పలకల మధ్య పీవీబీ అనే జిగురు పొర పెట్టి వేడితో, ఒత్తిడితో అతికించినది. కారు ముందు అద్దం ఇదే. దెబ్బ తగిలితే సాలెగూడులా బీటలు వారుతుంది గానీ చట్రంలోనే నిలబడుతుంది. గాలిని, వానను తెల్లారేదాకా ఆపుతుంది. అందుకే తుపాను సీమలో నేను టఫెన్డ్ కంటే దీనికే ఓటు వేస్తాను. కొబ్బరి చెట్టుకు ఎదురుగా ఉన్న కిటికీకి, మేడ మీద నుంచి కింద మనుషులు తిరిగే చోటికి ఇదే పెట్టండి. మధ్య పొర మందం 0.38, 0.76, 1.52 మిల్లీమీటర్లలో వస్తుంది. ఇంటి కిటికీకి 0.76 అడగండి. ఆ పొర సూర్యుడి అతినీలలోహిత కిరణాలను దాదాపు మొత్తం ఆపేస్తుంది. హాల్లో సోఫా గుడ్డ, గోడ మీద తాతగారి ఫొటో త్వరగా వెలిసిపోవు. చప్పుడు కూడా తగ్గుతుంది. దొంగకు కూడా ఇది సాదా అద్దమంత సులువుగా లొంగదు. ఒకే జాగ్రత్త: అంచుల్లో నీరు నిలిచి ఉంటే కొన్నేళ్ళకు పొర తెల్లబారి విడిపోతుంది.

రెండు పొరల అద్దం గురించి కిటికీల కంపెనీలవాళ్ళు చాలా చెబుతారు. రెండు పలకల మధ్య సుమారు 12 మిల్లీమీటర్ల ఖాళీ, అందులో పొడి గాలి, చుట్టూ సీలు. వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె యూ విలువ. ఒంటి అద్దానికి అది 5.7 దగ్గర ఉంటే దీనికి 2.8 దగ్గర, అంటే లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడా వల్ల దాటే వేడి సగమవుతుంది. బాగుంది. కానీ ఆ తేడా మనకు ఎంత? బయట 38, లోపల 26 అంటే పన్నెండు డిగ్రీలు. మంచు దేశాల్లో ఆ తేడా ముప్ఫై నలభై ఉంటుంది. మన బాధ నేరుగా పడే ఎండ. రెండూ సాదా పలకలే అయితే ఎండ వేడి 70 శాతం దాకా లోపలికి వచ్చేస్తుంది. కాబట్టి పూత లేని రెండు పొరల అద్దాన్ని పడమటి కిటికీకి పెట్టడం డబ్బు గోదాట్లో పోయడమే. బయటి పలక లోపలి ముఖాన పూత ఉండి, గదిలో ఏసీ రోజూ నడిచేటట్టయితే అప్పుడు ఆలోచించండి. మరో లాభం ఉంది: వానాకాలం తెల్లవారుజామున ఏసీ గది ఒంటి అద్దానికి బయటివైపు చెమట పట్టి, ఆ నీరు కారి చెక్క చట్రం కుళ్ళుతుంది. రెండు పొరలకు ఆ బాధ చాలా తక్కువ.

దాని సీలు మాత్రం ఉప్పుగాలికి, తేమకు పరీక్షే. సీలు పోతే రెండు పలకల మధ్యకు ఆవిరి చేరి అద్దం మసకబారుతుంది. ఏ గుడ్డతోనూ తుడవలేరు, మొత్తం మార్చాల్సిందే. ఎన్నేళ్ళ హామీ ఇస్తారో, హామీ మసకబారడానికి కూడా వర్తిస్తుందో లేదో బిల్లు మీద రాయించుకోండి.

రోడ్డు పక్క ఇల్లయి, తెల్లవారుజామున చేపల లారీల హారన్లు, సంక్రాంతి మైకులు నిద్ర చెడగొడుతుంటే లామినేటెడ్ అద్దమో, వేరువేరు మందాలున్న రెండు పొరల అద్దమో సాయపడతాయి. అయితే చప్పుడు సందుల్లోంచి వస్తుంది. స్లైడింగ్ కిటికీకి ఎంత మంచి అద్దం పెట్టినా పట్టాల మధ్య సందు ఉండనే ఉంటుంది. రబ్బరు చుట్టూ బిగిసే రెక్కల కిటికీ అయితేనే ఖర్చుకు ఫలితం.

స్నానాల గదికి లోపలిది బయటికి కనబడని గరుకు అద్దం. చిన్న చిన్న బుడిపెలుండే పిన్‌హెడ్ రకం చవక, నమ్మకం. ఆసిడ్‌తో గరుకు చేసిన అద్దమయితే గరుకు ముఖం తడి తగలని వైపుకు రావాలి. తడిస్తే అది పారదర్శకమవుతుంది, ఎందుకు పెట్టుకున్నామో ఆ పనే మానేస్తుంది.

ఐదో పని: మనుషులు తగిలే చోట్లు

నేల నుంచి రెండున్నర అడుగుల లోపు మొదలయ్యే అద్దం, తలుపులోనూ తలుపు పక్కనా ఉండే అద్దం, మెట్ల మలుపు, స్నానాల గది: ఈ నాలుగు చోట్లా సాదా అద్దం పెట్టకండి. టఫెన్డ్ గానీ లామినేటెడ్ గానీ ఉండాలి. మేడ మీద అయితే, పిల్లవాడు ఒరిగినా కిందపడకుండా నిలిపేది లామినేటెడ్ ఒక్కటే, లేదా అద్దానికి ముందు ఊచలు. ఊచలు పాతకాలపువని తీసేస్తున్నారు గానీ, రాత్రంతా రెక్క తీసిపెట్టి పైరగాలికి పడుకోవాలంటే వాటిని మించినది లేదు.

దోమల జాలీ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. కాలవలు, చెరువుల మధ్య బతికేవాళ్ళం, జాలీ లేని కిటికీ సాయంత్రం ఆరింటికి మూసుకోవలసిందే. మూడు పట్టాల స్లైడింగ్‌లో రెండు అద్దాలు, ఒక జాలీ వస్తాయి, కానీ ఒకసారికి సగం కిటికీయే తెరుచుకుంటుంది. గాలి కావాలంటే బయటికి తెరుచుకునే రెక్కలు, లోపలివైపు విడిగా జాలీ రెక్క మేలు.

ఆరో పని: కొలత

టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయలేం, రంధ్రం చేయలేం. ఈ మాట నాకు ముందే తెలుసు. అయినా మెట్ల కిటికీ అద్దం వచ్చిన రోజు, ఒక మూల అర నూలు ఎక్కువై చట్రంలో దిగకపోతే మేస్త్రీ, "కాస్త రాయి పట్టిస్తే సరిపోతుందండి" అన్నారు, నేను సరేనన్నాను. ఇద్దరు కుర్రాళ్ళు గోనెపట్టా మీద అద్దాన్ని నిలబెట్టి పట్టుకున్నారు. గ్రైండరు అంచుకు ఆనింది, తెల్లటి పొడి ఒక్క చిటికెడు రాలింది. అంతే, టపాకాయ పేలినట్టు చప్పుడై, కుర్రాళ్ళ చేతుల మధ్య అద్దం ఉన్న చోట ఏమీ లేదు. వాళ్ళు చేతులు అలాగే పట్టుకుని నిలబడిపోయారు. వరండా అంతా పలుకులు. ఎవరికీ గీత కూడా పడలేదు గానీ, మళ్ళీ కొత్త అద్దం వచ్చేదాకా పన్నెండు రోజులు ఆ ఖాళీకి టార్పాలిన్ కట్టాం. ఆ పలుకులు మరుసటి ఏడాది దాకా పూలకుండీల్లో దొరికేవి.

కాబట్టి చట్రం బిగించి, గోడ పూత అయ్యాకనే కొలవండి. ప్లానులో ఉన్న కొలత ఇవ్వకండి. వెడల్పు పైన, మధ్య, కింద మూడుచోట్ల, ఎత్తు కూడా మూడుచోట్ల కొలిచి, అన్నిటికంటే చిన్నది తీసుకోండి. రెండు మూలలకు ఐమూలగా కొలిచి సమానంగా ఉన్నాయేమో చూడండి. లేకపోతే చట్రం వంకరగా ఉన్నట్టు. దాన్ని సరిచేయాలి, అద్దాన్ని కాదు. చట్రం గాడి కొలతకంటే అద్దం వెడల్పులోనూ ఎత్తులోనూ ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ ఉండాలి. ఎండకు, వానకు చెక్క, యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్, అల్యూమినియం అన్నీ కదులుతాయి.

బిల్లు చదరపు అడుగుల్లో వేస్తారు. కొలతను పై అంకెకు సర్ది లెక్క కట్టే అలవాటు చాలా దుకాణాల్లో ఉంది. ఎంతకు సర్దుతారో ముందే అడిగితే, ఒకోసారి కిటికీని అంగుళం తగ్గించుకుని డబ్బు మిగుల్చుకోవచ్చు. ఇది చట్రం చేయకముందు అడగవలసిన ప్రశ్న.

ఏడో పని: వచ్చిన సరుకు చూసుకోవడం

టఫెన్డ్ అద్దం మూల మీద చెరగని ముద్ర ఉండాలి: ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే ప్రమాణం అంకె. ముద్ర మీద అనుమానముంటే పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలు పెట్టుకుని, అద్దంలోంచి ఆకాశం వైపు చూడండి. నిజంగా టఫెన్ చేసినదైతే మచ్చలో చారలో లీలగా కనిపిస్తాయి. సాదా అద్దంలో కనబడవు. అంచు మీద వేలు నెమ్మదిగా నడిపితే నున్నగా ఉండాలి. గంటు ఉన్న పలకను వెనక్కి పంపండి, పగులు అక్కడే మొదలవుతుంది.

లామినేటెడ్‌ను అంచు నుంచి చూస్తే మధ్యలో సన్నటి గీత కనిపిస్తుంది. రెండు పొరల అద్దం ముందు చీకట్లో అగ్గిపుల్ల వెలిగిస్తే నాలుగు మంటలు కనబడాలి. వాటిలో ఒకటి మిగతావాటికంటే వేరే రంగులో ఉంటే అది పూత ఉన్న ముఖం. ఏ ముఖం బయటికి రావాలో అక్కడే మార్కరుతో రాయించుకోండి. తిరగేసి బిగిస్తే పూత సరిగా పని చేయదు. ఒంటి పలకగా వాడదగిన పూతా, రెండు పొరల మధ్యే ఉండవలసిన సున్నితమైన పూతా అని కూడా అడగండి.

అద్దాలు ఇంటికి చేరాక చెక్క పట్టీల మీద, గోడకు కాస్త వాల్చి నిలబెట్టండి, పడుకోబెట్టకండి. పలకల మధ్య కాగితం ఉండాలి. వానలో తడిసిన పలకలను ఒకదానికొకటి అంటించి వారం వదిలేస్తే ఇంద్రధనుస్సు రంగుల మరకలు పడతాయి. గాజులోని క్షారం ఊరి పడే మరక అది, ఏ సబ్బుకూ పోదు. మన తేమకు ఇది మాటవరసకు చెప్పేది కాదు.

ఎనిమిదో పని: బిగింపు

అద్దం చట్రం గాడిలో నేరుగా కూర్చోకూడదు. అడుగున రెండు చివరల నుంచి నాలుగో వంతు దూరంలో చిన్న రబ్బరు దిమ్మలు రెండు పెట్టి వాటిమీద నిలబెట్టాలి. సిలికాన్ కొనేటప్పుడు న్యూట్రల్ రకం అడగండి. వెనిగర్ వాసన కొట్టే చవక సిలికాన్ లామినేటెడ్ పొరను పాడుచేస్తుంది, లోహాన్ని తింటుంది. చెక్క చట్రానికి పాతకాలపు లప్పం వేస్తే ఏడాదికోసారి బీటలు చూసుకోవాలి, బీడింగు, అంటే సన్నటి పట్టీ, కొట్టి సిలికాన్ పూయడం సులువు. మరలు స్టెయిన్‌లెస్ ఉక్కువే ఉండాలి, తీరం దగ్గర ఉప్పుకు ఎక్కువ ఓర్చుకునే 316 రకం. మామూలు ఇనుప మర ఉప్పుగాలికి తొందరగా తుప్పు కారుతుంది, ఆ ఎర్రటి చార అద్దం మీదికే దిగుతుంది.

కింది పట్టాలో నీరు పోయే రంధ్రాలు ఉన్నాయేమో చూసి, ఒక చెంబు నీళ్ళు పోసి బయటికి పోతున్నాయో లేదో పరీక్షించండి. మేస్త్రీ ఉండగానే చేయండి. ఆ తర్వాత పెయింటు, సిమెంటు పని ఉంటే అద్దాలకు ప్లాస్టిక్ కప్పండి. సిమెంటు నీటి చుక్క ఎండితే అద్దాన్ని కొరుకుతుంది. టైల్స్ కడిగే ఆసిడ్ ఆవిరి కూడా అల్యూమినియాన్ని, పూతలను వదలదు. బోరు నీళ్ళతో అద్దాలు కడిగి ఎండకు వదిలేస్తే ఉప్పు మచ్చలు పడతాయి, వాన నీళ్ళతో కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవండి.

పని అయ్యాక మీ అంకెల కాగితంలో ప్రతి కిటికీ పక్కన అద్దం రకం, మందం, కొలత రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించండి. తుపాను తర్వాత దుకాణం ముందు జనం బారులు తీరినప్పుడు, ఆ కాగితం ఫొటో పంపితే మీ పని ముందు అవుతుంది.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు అద్దాల మీద అడ్డంగా టేపు అంటించి కూర్చోకండి, దానివల్ల అద్దానికి బలం రాదు. పెరట్లో ఎండు మట్టలు, వదులు కాయలు దించి, డాబా మీది రేకులు, కుండీలు లోపలికి తెచ్చి, రెక్కలు గడియ పెట్టి, కిటికీ లేని గదిలో పక్కలు వేసుకోండి.